మళ్ళీ మిషను ముందుకు

పోయిన వారం కటింగక్క చేసిన పని సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ మొత్తం పాకిపోయింది. కుడి చెయ్యి నలిగి, నెలల తరబడి గేటు పక్క గదిలో రబ్బరు బంతి పిసుకుతూ కూర్చున్న మనిషి, ఎవరికీ చెప్పకుండా లేచి కటింగ్ షెడ్డులోకి నడిచింది. గాయపడినవాళ్ళు దాటకూడదని నేల మీద గీసిన పసుపు గీత దాటింది. ఆగి ఉన్న తన పాత మిషను మోటారు తిప్పే పచ్చ బటన్ మీద ఎడమ చెయ్యి వేసింది. నొక్కేలోపే ఇప్పుడు ఆ మిషను మీద పనిచేస్తున్న మనిషి ఆ చేతిని ఒడిసిపట్టి పక్కకు లాగేసింది. లాగింది పరాయిది కాదు, ఆమె సొంత తోడికోడలు. అదీ అందరి ముందూ.

మర్నాడు పొద్దున్నే ‘మెల్లగా సారు’ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది.

ఆయన అసలు హోదా చాలా పొడుగు. గాయపడిన ఉద్యోగులను తిరిగి పనిలోకి తెచ్చే కార్యక్రమానికి అధికారి. నోరు తెరిస్తే ‘మెల్లగా అమ్మా, మెల్లగా’ అంటాడు కాబట్టి అట్టపెట్టెల ఫ్యాక్టరీ వాళ్ళు ఆ పేరు పెట్టారు. చెడ్డవాడు కాదు. అదే కటింగక్కకు పెద్ద తలనొప్పి. చెడ్డవాడైతే నాలుగు దులిపి వచ్చేసేది. ఈయన కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళు ఇస్తాడు, చెప్పిందంతా తలూపుతూ వింటాడు, చివరికి మళ్ళీ ఆ గదికే పంపిస్తాడు.

ఆ గది ఒకప్పుడు పాత సామాన్ల కొట్టు. లేత ఆకుపచ్చ రంగు వేసి, పైన ‘తిరిగి పనిలోకి’ అని బోర్డు పెట్టారు. లోపల ఒక పొడుగాటి బల్ల, గోడకు బిగించిన తీగ, దానికి గుచ్చి తియ్యడానికి బట్టల క్లిప్పులు, పిసకడానికి బంతులు. చేతి వ్యాయామాలు చేయించే మేడమ్ వారానికి ఒకసారి వచ్చి వేళ్ళు వంచి చూసి వెళుతుంది. మిగతా రోజుల్లో తేలికపాటి పని పేరుతో కటింగక్క చేసేది అట్టలు పెట్టెలుగా మడవడం. మొదట్లో ఎంత శ్రద్ధగా మడిచేదో. ఒకరోజు గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చేసరికి, గది ఊడ్చే మనిషి కూర్చుని తను మడిచిన పెట్టెలన్నీ విప్పి చదును చేస్తోంది. మళ్ళీ రేపు మడవాలి కదా, కొత్త అట్టలు ఎందుకు పాడుచెయ్యడమని సారు చెప్పారంది. కటింగక్కకు తల కొట్టేసినట్టయింది. తన వయసు మనిషిని కూర్చోబెట్టి చిన్నపిల్లలకు ఇచ్చినట్టు ఆటబొమ్మలు ఇచ్చారన్నమాట. ఆ మంటే పెరిగి పెరిగి చివరికి ఆమెను గీత దాటించింది.

మెల్లగా సారు గదిలో ఆమె కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉంది.

నిన్న జరిగింది ప్రమాదకరమని ఆయన మొదలుపెట్టాడు. కార్యక్రమానికి మెట్లున్నాయని, ముందు చెయ్యి, తర్వాత తేలిక పని, తర్వాత సగం పూట, ఆ తర్వాతే సొంత పని అని, వందసార్లు చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఆమె విన్నది. తను రెండో మెట్టు మీద నిలబడి ఎంత కాలమైందో ఆయనకు గుర్తుందా అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“మెల్లగా అమ్మా. తొందరపడితే మనకే నష్టం.”

“మెల్లగా అంటే ఎప్పటికి సార్? నేను రిటైరయ్యాకా?”

ఆయన నవ్వబోయి ఆగాడు. చెయ్యి ఇంకా కుదరలేదా అని ఆమె నిలదీసింది. నడిమి వేలూ ఉంగరం వేలూ పూర్తిగా వంగకపోయినా అట్ట పట్టుకోగలదు, తొయ్యగలదు, తియ్యగలదు. మేడమే పోయినసారి భేషుగ్గా ఉందని మెచ్చుకుంది. మరి అడ్డమేమిటి?

“చెయ్యి అడ్డం కాదమ్మా. మేడమ్ ఎప్పుడో సరేనన్నారు,” అన్నాడు ఆయన. “మీ మనసు ఇంకా కుదుటపడలేదని... ఇంట్లో తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడుతున్నారట. చేతిలో గ్లాసు జారిపోతోందట. మీ ఇంటి మనిషే వచ్చి చెప్పి వెళ్ళారు.”

అనేశాక ఆయనకే తెలిసింది, అనకూడనిది అన్నానని. నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. కటింగక్క దాని వంక కూడా చూడలేదు.

“ఏ ఇంటి మనిషి?”

ఆయన కిటికీలోంచి కటింగ్ షెడ్డు వైపు చూశాడు. పేరు చెప్పక్కర్లేకపోయింది.

ఆ రోజంతా కటింగక్క ఒక్క అట్టా మడవలేదు. తోడికోడల్ని ఫ్యాక్టరీలోకి తెచ్చింది తను. మరిది నడుపుతున్న సెల్‌ఫోన్ల కొట్టు మూతపడి ఇంట్లో కూర్చుంటే, సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి ఈమెకు పని ఇప్పించింది తను. దగ్గర నిలబెట్టుకుని అట్ట ఎలా తొయ్యాలో, ఎప్పుడు చెయ్యి తియ్యాలో నేర్పింది తను. ఇప్పుడు అదే మనిషి తన మిషను ముందు నిలబడి, వెనక నుంచి ఈ పని చేసింది. సాయంత్రం ఇంటికి నడుస్తూ దారంతా మాటలు అల్లుకుంది. అది అబద్ధమాడితే ఏమనాలి, ఏడిస్తే ఏమనాలి, మీ మంచికే అక్కా అంటే ఏ మాటతో కడిగెయ్యాలి, అన్నీ సిద్ధం చేసుకుంది.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని వచ్చేవాడు కాబట్టి ఇంట్లో గోలంటే భయం. అంతా విని, అది ఏదో మన మేలు కోరే చెప్పుంటుంది, పోనీలే అన్నాడు. కటింగక్క ఆయనతో మాట్లాడడం దండగని పెరట్లోకి వెళ్ళింది.

అన్నదమ్ముల రెండు వాటాలకూ పెరడు ఒకటే, కుళాయి ఒకటే. తోడికోడలు కుళాయి కింద బట్టలు జాడిస్తోంది. అక్కను చూసి నీళ్ళు కట్టేసింది.

“సారుకు చెప్పింది నువ్వేనా?”

“నేనే చెప్పాను అక్కా.”

అల్లుకున్న మాటలన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. కటింగక్కకు సిద్ధం చేసుకోని మాటలే వచ్చాయి.

“నిన్ను అక్కడ పెట్టించింది ఎవరే?”

“నువ్వే.”

“పని నేర్పింది ఎవరు?”

“నువ్వే అక్కా.”

“మరి నన్ను పిచ్చిదాన్ని చేసి కూర్చోబెట్టావేం? నా మిషను నీకు అంత తీపయిపోయిందా? అడిగితే ఇచ్చేదాన్ని కదా. నన్ను వేరే మిషను మీద వెయ్యమనేదాన్ని. రోజూ పొద్దున్నే నా పక్కనే నడిచి వస్తావు. నువ్వు షెడ్డులోకి, నేను ఆ పాడు గదిలోకి. ఒక్కరోజైనా నీ మొహం చూసి నాకు అనుమానం రాలేదు చూడు, నన్ను నేను తన్నుకోవాలి.”

తోడికోడలు చేతిలోని తువ్వాలు పిండుతోంది. నీళ్ళు ఎప్పుడో పోయినా ఇంకా పిండుతూనే ఉంది.

“అది ఆగదక్కా,” అంది.

“ఏది?”

“మిషను. పెడల్ మీంచి కాలు తీసేసినా ఒక్కోసారి ఆగదు. తెరుచుకుని నిలబడినట్టే ఉంటుంది, మళ్ళీ వచ్చి మూసుకుంటుంది. రోజూ కాదు. బాగా వేడెక్కాక, మధ్యాహ్నం మీద. నాకు అయింది. నా అదృష్టం బాగుండి అప్పటికే చెయ్యి బయట ఉంది.”

కటింగక్క కుళాయి పక్క గట్టు మీద కూర్చుంది.

ఆ మిషను పని అందరికీ తెలిసిందే. నిలువుగా ఒక పలక, దానికి కత్తుల అచ్చు. ఎదురుగా ఇంకో పలక. కాలితో పెడల్ తొక్కితే ఎదుటి పలక వచ్చి అచ్చుకు నొక్కుకుంటుంది, అట్ట తెగుతుంది. కాలు తీస్తే పలకలు తెరుచుకుని ఆగాలి. ఆగాకే చెయ్యి పెట్టి తెగిన ముక్క తియ్యాలి. ఆమె చెయ్యి నలిగినప్పుడు విచారణ జరిపి, పెడల్ మీద కాలుండగానే తొందరపడి చెయ్యి పెట్టిందని తేల్చారు. మొదట్లో ఆమెకు గట్టిగా గుర్తుండేది, కాలు తీశానని. ఆసుపత్రి మంచం మీద అదే చెప్పింది. సూపర్‌వైజర్ కాదన్నాడు. మెకానిక్ కాదన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఇకనైనా జాగ్రత్తగా ఉండమన్నారు. అనగా అనగా ఆమెకూ అలాగే గుర్తుకు రావడం మొదలైంది. కాలు తియ్యకుండానే చెయ్యి పెట్టిన తెలివితక్కువదాన్ని అని ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో లెక్క లేదు. బంతి పిసికిన ప్రతిసారీ తిట్టుకుంది.

“నేను కాలు తీశాను,” అంది మెల్లగా, తనకు తనే చెప్పుకున్నట్టు.

“తీసే ఉంటావక్కా.”

ఎవరికైనా చెప్పావా అని అడిగితే తోడికోడలు చెప్పానంది. సూపర్‌వైజర్ మెకానిక్‌ను పిలిపించాడట. అతను వచ్చేసరికి మిషను చల్లబడింది. నూనె వేసి, తొక్కి చూసి, లక్షణంగా ఉంది అని వెళ్ళిపోయాడు. ఇంకోసారి ఈ మాటెత్తితే తోడికోడళ్ళిద్దరికీ పని చేతకాదని అనుకోవాల్సి వస్తుందన్నాడట సూపర్‌వైజర్. ఆ తర్వాత ఈమె నోరెత్తలేదు.

“మీ మరిది ఇంట్లో కూర్చున్నాడు. నీ చెయ్యి ఇలా ఉంది. నన్నూ పంపించేస్తే ఏం చేస్తాం? నువ్వేమో వస్తా వస్తా అని దూకుతున్నావు. నీకు చెప్తే ఊరుకోవు, నేరుగా వెళ్ళి గొడవ పెట్టుకుంటావు. ఏం చెయ్యాలో తోచక సారుకు అలా చెప్పాను. ఆ గదిలో ఉంటే నీ రెండో చెయ్యైనా దక్కుతుందని.”

“నువ్వు మాత్రం రోజూ వెళ్ళి దాని నోట్లో చెయ్యి పెడుతున్నావు.”

తోడికోడలు తువ్వాలు దులిపి తీగ మీద ఆరేసింది. కటింగక్కకు కోపం పోలేదు. ఎవరి మీద చూపించాలో మాత్రం తోచలేదు. పొద్దున్నుంచీ ఈ మనిషిని చీల్చి చెండాడాలని ఉంది. ఇప్పుడు చూస్తే దాన్ని రేపు పనిలోకి వెళ్ళకుండా ఎలా ఆపాలో తెలియడం లేదు.

తెల్లారి ఆమె అందరికంటే ముందు ఫ్యాక్టరీకి వెళ్ళింది. సారును పట్టుకుని విషయం చెప్పెయ్యాలి, తోడికోడలి పేరు రాకుండా చెప్పాలి. గేటు దగ్గరే మెల్లగా సారు ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆయనను అంత హుషారుగా ఆమె ఎన్నడూ చూడలేదు.

మొన్న ఆమె చేసిన పని మేనేజర్ దాకా వెళ్ళిందట. మనిషిలో అంత పట్టుదల ఉంటే ఆ గదిలో ఎందుకు మగ్గబెడుతున్నారని ఆయన సారునే కోప్పడ్డాడట. ఈ మధ్యాహ్నం పై ఆఫీసు వాళ్ళు వస్తున్నారు, కార్యక్రమం ఎలా సాగుతోందో చూడాలంటున్నారు. వాళ్ళ ముందే ఆమె మళ్ళీ మిషను నడపాలి. బాగా నడిపితే రేపటి నుంచి సొంత పనే. తోడికోడల్ని పెట్టెలు అతికించే విభాగానికి మారుస్తారు.

ఇన్నాళ్ళు ఏ మాట కోసం ఆమె గుమ్మాలు పట్టుకు తిరిగిందో ఆ మాటే అది. కటింగక్క గోడకు ఆనుకుంది.

“సార్, ఆ మిషను ఆగదు,” అంది.

ఉన్నదంతా చెప్పింది. వేడెక్కితే కాలు తీసినా మూసుకుంటుందని, ఆ రోజు తన తప్పు లేదని చెప్పింది. ఎవరు చూశారంటే మాత్రం నోరు మెదపలేదు. ఆయన ఎప్పటిలాగే తలూపుతూ విన్నాడు. ప్రమాదం తర్వాత మిషను మొత్తం విప్పి చూశారనీ, బాగుందని మెకానిక్ చెప్పినప్పుడు తను పక్కనే ఉన్నాననీ ఓపిగ్గా వివరించాడు. తర్వాత గొంతు తగ్గించి, చాలా దయగా, ఇది సహజమేనమ్మా అన్నాడు. సరిగ్గా తిరిగి వెళ్ళే రోజున అందరికీ ఇలాగే అనిపిస్తుంది. మిషనే చెడ్డదని మనసు నమ్మించడానికి చూస్తుంది.

“నిన్నటిదాకా నాకు భయం లేదు మొర్రో అంటే వినలేదు. ఇవాళ ఉన్నమాట చెప్తుంటే భయం అంటున్నారు. మీతో ఎలా వేగాలి సార్?”

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. ఇష్టం లేకపోతే బలవంతం లేదన్నాడు. కానీ ఇప్పుడు వద్దంటే, పనిలోకి రానన్నట్టే లెక్క అనీ, కార్యక్రమం ముగిసిపోతుందనీ, ఆ తర్వాత తన చేతుల్లో ఏమీ ఉండదనీ కూడా అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. ఆ బాధ చూస్తుంటే ఆమెకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది.

మధ్యాహ్నం కటింగ్ షెడ్డులో అడుగు పెట్టేసరికి అట్టల దుమ్ము, జిగురు వాసన. ఒకప్పుడు ఆ వాసన తగిలితే ఆమెకు ఇంటికొచ్చినట్టుండేది. పొద్దున్నుంచీ తోడికోడలు నడిపి నడిపి మిషను సెగలు కక్కుతోంది. పక్కన మేనేజర్, పై ఆఫీసు నుంచి వచ్చిన వాళ్ళు, సూపర్‌వైజర్, మెల్లగా సారు. పని ఆపి చూస్తున్న జనం అట్టల కట్టల వెనక. అక్కడే తోడికోడలు. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళు అందుకున్నారు. మేనేజర్ రెండు మాటలు మాట్లాడాడు. పట్టుదల అన్నాడు, కుటుంబం అన్నాడు, మన ఫ్యాక్టరీ ఎవరినీ వదులుకోదన్నాడు. కటింగక్క మిషను ముందు నిలబడి మోటారు శబ్దం వింటోంది. అట్ట అందించారు. తీసుకోలేదు.

“సార్,” అంది మెల్లగా సారుతో, “ఈ మిషను బాగుందని మీకు పూర్తి నమ్మకమేనా?”

“పూర్తిగా అమ్మా.”

“అయితే నేను తొక్కి కాలు తీసేస్తాను. తెరుచుకుని ఆగాక ముక్క మీరు తియ్యండి. ఆ తర్వాత నేను చేస్తాను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజర్ నొసలు ముడిపడ్డాయి. సూపర్‌వైజర్ ఇదేం వేళాకోళమని గొణిగాడు. సారు ఏదో సాకు చెప్పి తప్పుకుంటాడని ఆమె అనుకుంది. నాలుగు మంచి మాటలు చెప్పి, మాట దాటేసి, ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ అడుగు వేస్తే చాలు, అందరికీ తెలిసిపోతుంది.

మెల్లగా సారు చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

“మీ భయం పోతుందంటే తప్పకుండా. నడపండమ్మా,” అన్నాడు.

ఆయన మొహంలో బింకం లేదు, నటన లేదు. నిజంగా నమ్మాడు. మిషనునూ నమ్మాడు, మెకానిక్ మాటనూ నమ్మాడు. ఇన్ని నెలల్లో ఈయన చెయ్యి నలిగితే బాగుండునని ఒక్కసారీ అనుకోలేదా అంటే అనుకుంది. ఇప్పుడు ఆ చెయ్యి తన పక్కనే ఉంది, సన్నటి వెంట్రుకలతో, గడియారం పట్టీ అచ్చుతో. అందరూ చూస్తున్నారు. వెనక్కి తగ్గితే భయస్థురాలు. తొక్కితే ఏమవుతుందో మిషనుకే తెలియాలి.

అట్ట పెట్టింది. తొక్కింది. పలక వచ్చి నొక్కుకుంది, తెరుచుకుంది. చెయ్యి లోపలికి పోనివ్వకుండా, తెగిన ముక్కను కొత్త అట్టతోనే కిందికి తోసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ తొక్కింది. ఆమె కాలికి పాత లయ దొరికింది. పై ఆఫీసు వాళ్ళు తలలూపుతున్నారు.

“ఇక ఆపండమ్మా,” అన్నాడు సారు.

కాలు తీసింది. ఈసారి ఆమె వంగి మరీ చూసుకుంది, తన పాదం పెడల్‌కు పక్కగా, నేల మీద ఉంది. పలకలు తెరుచుకుని నిలబడ్డాయి. మధ్యలో తెగిన అట్ట ముక్క వేలాడుతోంది. మెల్లగా సారు ఆమె వైపు చూసి చిన్నగా నవ్వి, ముక్క కోసం చెయ్యి చాచాడు.

“పెట్టొద్దు సార్.”

ఆ మాట కటింగక్క నోట్లోనే ఉంది, కానీ అన్నది ఆమె కాదు. సారు చెయ్యి పలకల అంచున ఆగిపోయింది. జనమంతా వెనక్కి తిరిగారు. అట్టల కట్టల వెనక నుంచి తోడికోడలు ముందుకు వచ్చింది.

“ఎందుకు పెట్టకూడదు?” అన్నాడు మేనేజర్.

ఆమె ముందు సూపర్‌వైజర్ వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు తలాడించాడు, పక్కనున్నవాడికి కూడా తెలియనంత చిన్నగా. ఆ తర్వాత ఆమె కటింగక్క వైపు చూసింది. కొంగు నడుముకు బిగించి, నోరు తెరిచింది.